కింద మూలన పేరు ఎవరిది?

పోయిన సంక్రాంతికి మా ఫ్యామిలీ గ్రూపులో పెద్దత్త ఒక బొమ్మ పంపింది. నాలుగు గడుల కామిక్. మొదటి గడిలో వరసగా నేలకూలిన కొబ్బరిచెట్లు. రెండో గడిలో పైన రేకులు ఎగిరిపోయిన ఇల్లు. మూడో గడిలో ఆ ఇంటి గోడవారన ఒకావిడ, ఎవరిదో ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంటుంది. నాలుగో గడిలో ఆవిడ ముఖం ఒక్కటే. ఎక్కడో ఉన్న కొడుకుని అడుగుతోంది: "ఏం తిన్నావు నాన్నా?"

కింద ఏదో పేజీ లోగో. "ఎవులేసినారో గానీ ఏడుపొచ్చీసింది" అని అత్త రాసింది. దాని కింద బారుగా దండాల ఎమోజీలు.

వేసింది నేనే అత్తా, అన్నాను. అత్త నవ్వుతున్న ఎమోజీ పెట్టింది. మా బావ "మరి నీ పేరు నేదేటి?" అన్నాడు. ఈలోగా మా మావ వచ్చి అసలు దెబ్బ కొట్టాడు: "వేసినోడు ఇటేపోడు కాడు. మనూళ్ళో ఏ అమ్మయినా ఏం తిన్నావు నాన్నా అంటాదేటి?"

నిజమే, అనదు. నేను వేసినప్పుడు ఆ గడిలో ఉన్న మాట వేరు. "ఏటి తిన్నావు రా?" అని ఉండేది. బొమ్మ చేతులు మారుతూ వచ్చే దారిలో ఎవరో దాన్ని దిద్దారు. దిద్ది, "నాన్నా" అని కాస్త తీపి కలిపారు. బొమ్మ మీద నా పేరు ఎలాగూ లేదు కాబట్టి నన్ను అడగాల్సిన పని పడలేదు. పేరు పోయిందన్న సంగతి నాకు ముందే తెలుసు, దానికి నేనే ఒప్పుకున్నాను. దాని వెంట మాట కూడా పోతుందని మాత్రం ఊహించలేదు.

ఆన్‌లైన్‌లో కామిక్స్ వేసేవాళ్ళు బొమ్మ మీద సంతకం పెట్టుకోవచ్చా, పెట్టుకోనివ్వాలా అని మాలో మాకు తరచూ గొడవ నడుస్తూ ఉంటుంది. పెట్టుకోనివ్వాలి అనేవాళ్ళలో నేనొకణ్ణి. ఫాలోవర్లు పెరుగుతారని నా ఆశ అనుకుంటారు చాలామంది. పెరిగితే వద్దనను. కానీ నా బాధ మా మావ అన్న మాట దగ్గర ఉంది. ఆయన తిట్టింది నన్నే. నేను చేయని తప్పుకి తిట్టాడు, పైగా తిడుతున్నది నన్నేనని ఆయనకి తెలియదు. పేరు లేని బొమ్మకి పొగడ్త మాత్రమే కాదు, తిట్టు కూడా సరైన ఇంటికి చేరదు.

ఈ తిట్టు సంగతి నాకు నేర్పింది మా చిన్నాన్న. కాశీబుగ్గలో ఆయన బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్ల షట్టర్లు, జీడిపప్పు ఫ్యాక్టరీల బోర్డులు, లారీల వెనక తలుపులు, ఎన్నికలు వస్తే గోడలు. సెలవులకి వెళ్తే నన్ను కూడా సైకిల్ వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. దారానికి రంగుపొడి పూసి, ఒక చివర నాకు పట్టుకోమని ఇచ్చి, రెండో చివర తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడేది. దాని మీద అక్షరాలు కట్టేవాడు. బోర్డంతా అయ్యాక, కింద కుడి మూలన, సన్న బ్రష్షుతో తన పేరూ దాని పక్కన 'ఆర్ట్స్' అనీ రాసేవాడు. అది మూడు నాలుగు అంగుళాలకి మించి ఉండేది కాదు.

ఒకసారి ఒక షావుకారు అడ్డం పడ్డాడు. నా కొట్టు బోర్డు మీద నీ పేరెందుకు అని. చిన్నాన్న బ్రష్షు కడుగుతూ అన్నాడు: "ఆరు నెల్లకే రంగు ఎల్లిపోతే ఎవుల్ని తిడతారు బాబూ? పేరుంటే నన్నే తిడతారు." షావుకారు నవ్వి ఊరుకున్నాడు. ఇంకోసారి 'ఫ్యాన్సీ' అన్న మాటలో వత్తు మర్చిపోయాడు. ఊరంతా చూసి నవ్వారు, కింద పేరుంది కాబట్టి తప్పించుకోడానికి లేదు. మర్నాడు తెల్లవారకముందే నిచ్చెన వేసుకుని వెళ్ళి డబ్బు తీసుకోకుండా దిద్ది వచ్చాడు.

తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. చిన్నాన్న బ్రష్షులు డబ్బాలో పెట్టేశాడు. విచిత్రం ఏమిటంటే ఆయన పని పోగొట్టిన ఫ్లెక్స్ షాపులోనే నేను ఉద్యోగం చేస్తున్నాను, శ్రీకాకుళంలో, పదకొండేళ్ళుగా. పగలంతా పుట్టినరోజులకీ, నాయకుల స్వాగతాలకీ, 'కన్నీటి వీడ్కోలు'లకీ డిజైన్లు. ముఖాల చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించడంలో నన్ను మించినవాడు ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల లేడని మా ఓనరు అంటాడు (జీతం పెంచమన్నప్పుడు మాత్రం అనడు). రాత్రి ఇంటికి వచ్చాక కామిక్స్.

ఫ్లెక్స్ ఎప్పుడైనా దగ్గరకి వెళ్ళి చూశారా? అడుగున, బద్దకి మేకు కొట్టే అంచులో, షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. పది అడుగుల నాయకుడి కాళ్ళ కింద మా షాపు నంబరు. ఏ నాయకుడూ ఇదేమిటని అడగలేదు. ఎన్నికల టైములో అయితే అది లేకపోతే నేరం కూడా. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 127ఎ అని ఒక సెక్షన్ ఉంది. ఎన్నికల కరపత్రం మీద, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలు వచ్చాయంటే మా ఓనరుకి ఇదే టెన్షన్. ఫైల్ మిషన్‌కి పంపే ముందు "కింద పేరుందా, మళ్ళీ చూడు" అని రెండుసార్లు అడుగుతాడు.

చట్టం ఆ పేరు అడిగింది ప్రింటర్ మీద ప్రేమతో కాదు కదా. రేపు ఎవరినైనా నిందిస్తూ ఏదైనా అచ్చయితే ఎవరిని పట్టుకోవాలో తెలియాలని. చిన్నాన్న షావుకారుతో అన్నదీ అదే.

ఇక నా కామిక్ సంగతి. మూడేళ్ళ క్రితం ఒక పేజీ వాళ్ళు ఫోన్ చేశారు. హైదరాబాదులో ఆఫీసు, లక్షల్లో ఫాలోవర్లు. వారానికి రెండు స్ట్రిప్పులు కావాలి, ఒక్కోదానికి ఆరు వందలు. మాట్లాడిన కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. చివర్లో, "అన్నా, సైన్ మాత్రం పెట్టకండి, బ్రాండ్ డిస్టర్బ్ అవుతుంది" అన్నాడు. సరే అన్నాను. ఫ్లెక్స్ షాపు జీతంతో నెల గడవడమే కష్టం, దాని మీద నెలకి నాలుగైదు వేలు అంటే చిన్న విషయం కాదు. పదిహేడు స్ట్రిప్పులు వేశాను. తుపాను బొమ్మ పదకొండోది. తర్వాత వాళ్ళు మనుషుల్ని మార్చుకున్నారు, నాకు ఫోన్లు ఆగిపోయాయి.

వాళ్ళని ఇప్పుడు తిట్టాలని లేదు. డబ్బు టైముకి వేశారు. కానీ ఆ కుర్రాడు అన్న మాట వెనకాల ఉన్న ఆలోచన చాలామందిలో ఉంది, అదేమిటంటే: డబ్బిచ్చాం, కొనుక్కున్నాం, ఇక అది మాది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను, ఒక వకీలు మిత్రుడు కాపీరైట్ చట్టం తీసి చూపించేదాకా.

1957 నాటి ఆ చట్టంలో 57వ సెక్షన్ రచయితకి రెండు హక్కులు విడిగా ఇస్తుంది. ఇది నాది అని చెప్పుకునే హక్కు ఒకటి. తన పరువుకి భంగం కలిగేలా తన పనిని వంకర చేస్తే, ముక్కలు చేస్తే, మారిస్తే అడ్డుకునే హక్కు ఇంకొకటి. ఈ రెండూ కాపీరైటుతో సంబంధం లేకుండా ఉంటాయని, కాపీరైటు పూర్తిగా ఇంకొకరికి రాసిచ్చేసిన తర్వాత కూడా రచయిత దగ్గరే ఉంటాయని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. చట్టం భాషలో రచయిత అంటే రాసినవాడే కాదు, బొమ్మ వేసినవాడు కూడా. అంటే ఆరు వందలకి నేను అమ్మింది ఆ బొమ్మ వేసుకునే, పంచుకునే, సొమ్ము చేసుకునే హక్కు. వేసింది నేను అనే నిజాన్ని అమ్మలేదు. దాన్ని ఎలా అమ్ముతాం? కొబ్బరిచెట్టు అమ్మినంత మాత్రాన నాటినవాడు మారిపోడు కదా.

ఇది కాగితం మీద కబురు కాదు. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో పెద్ద కంచు కుడ్యశిల్పం చేశాడు. 1979లో దాన్ని ఆయనకి చెప్పకుండా పీకేసి గోడౌన్‌లో పడేశారు. కొన్నది ప్రభుత్వం, గోడ ప్రభుత్వానిది. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకి తిరిగి ఇచ్చేయమని, అయిదు లక్షల నష్టపరిహారం కట్టమని తీర్పు చెప్పింది. ఆధారం ఈ 57వ సెక్షనే.

మరి బొమ్మ మీద సంతకం ఉంటే ఏమిటి లాభం? అదే చట్టంలో 55వ సెక్షన్ ఒక సులువు చేసి పెట్టింది. ప్రతుల మీద రచయితగా ఒక పేరు కనిపిస్తుంటే, వేరేగా రుజువయ్యేదాకా ఆ పేరున్నవాడే రచయిత అని కోర్టు అనుకుంటుంది. నిరూపించాల్సిన బరువు అవతలివాడి మీదకి వెళ్తుంది. పేరు లేకపోతే ఆ బరువు నా మీద. ఆ రోజు గ్రూపులో మా అత్తకి రుజువు చూపించడానికి పాత కంప్యూటర్ తెరిచి, లేయర్లతో ఉన్న ఫైలు వెతికి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. సొంత అత్తకి! 2012 సవరణతో 65బి కూడా వచ్చింది. తెలిసి తెలిసి రచయిత పేరులాంటి వివరాలు అనుమతి లేకుండా తీసేస్తే రెండేళ్ళ దాకా శిక్ష, జరిమానా. రాత్రిపూట ఫోన్‌లో వేలితో కింది మూల క్రాప్ చేసేవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే కాస్త ఆగుతారేమో. ఆరు వందల స్ట్రిప్పు కోసం ఎవరూ కోర్టుకి వెళ్ళరని కూడా నాకు తెలుసు. నేనూ వెళ్ళలేదు.

"బొమ్మ అందం పాడవుతుంది" అనే వాదన మీద ఎక్కువ చెప్పను. ముఖాల మీద అడ్డంగా వేసే వాటర్‌మార్కు నాకూ అసహ్యమే. అది బొమ్మ చూడ్డానికి వచ్చినవాణ్ణి దొంగలా చూస్తుంది. వ.పా. అన్న పొడి అక్షరాలు ఏ బొమ్మ అందాన్ని పాడుచేశాయో చెప్పమనండి. వడ్డాది పాపయ్య గారు 1912లో ఈ శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆయన బొమ్మ కనిపిస్తే ఇప్పటికీ మా ఇంట్లో ముందు ఆ రెండక్షరాల కోసం వెతుకుతాం, దొరికాక తీరిగ్గా బొమ్మ చూస్తాం. బాపు గారి కార్టూను కింద బాపు అని లేకపోతే ఏదో అడుగు అక్షరం ఎగిరిపోయినట్టుంటుంది.

ఇక్కడే ఒక పెద్దాయన నన్ను నిలేశారు. బాపు బొమ్మకి సంతకం అవసరమేంటి, గీత చూస్తే తెలీదా? గీసేవాడికి దమ్ముంటే గీతే చెబుతుంది, అన్నారు. ఈ మాటకి చాలా ఏళ్ళు నా దగ్గర జవాబు లేదు. 2025 మార్చిలో దొరికింది. గుర్తుందా, ఫోన్లలో అందరూ ఏఐతో తమ ఫోటోల్ని జపాన్ జిబ్లీ స్టూడియో సినిమాల బొమ్మల్లా మార్చుకున్న వారం? మా వీధిలో పాలవాడి దగ్గర నుంచి మా ఓనరు మనవడి దాకా అందరి ప్రొఫైల్ ఫోటోలూ అవే. మా షాపుకి కూడా 'ఆ జపాను స్టైల్లో పెళ్ళి ఫ్లెక్స్' అడుగుతూ ఇద్దరు వచ్చారు. ఎన్నో ఏళ్ళు చేత్తో గీసి తెచ్చుకున్న ఒక శైలిని మిషను ఒక్క వారంలో ఊరూరా పంచింది. గీత ఇక సాక్ష్యం చెప్పదు. ఈ మిషన్లు వేసే బొమ్మల మూలల్లో ఒక్కోసారి అర్థంకాని గీతలు, సంతకంలాంటివి కనిపిస్తాయి. బొమ్మ అంటే కింద మూలన ఏదో ఒకటి ఉంటుందని వాటికి కూడా తెలిసిపోయింది. ఎవరి పేరో మాత్రం తెలియదు.

మన పూర్వీకులు సంతకాలు పెట్టుకున్నారా, శ్రీముఖలింగం గుడి చెక్కినవాడి పేరు నీకు తెలుసా అని అడిగేవాళ్ళు ఇంకొందరు. అహంకారం అంటారు. ముఖలింగం నేను చాలాసార్లు వెళ్ళాను. వంశధార ఒడ్డున, తూర్పు గాంగుల రాజధాని ఉన్న చోట, ఆ ద్వారాల మీద తీగలు చూస్తూ పూటంతా కూచోవచ్చు. ఆ గోడల మీద పేర్లు లేక కాదు, బోలెడున్నాయి. అఖండదీపాలకి దానమిచ్చిన వాళ్ళ పేర్లు. శ్రీకూర్మం స్తంభాల మీద కూడా అంతే. అంటే మనవాళ్ళకి పేరు చెక్కించడం మీద అయిష్టం ఎప్పుడూ లేదు. ఉలి పట్టినవాడి పేరు దగ్గరే మౌనం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మా ఊరి రామమందిరంలో సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద కూడా దాతల పేర్లు ఉంటాయి. కరెంటు పోతే గానీ చదవలేం. దాన్ని ఎవరూ అహంకారం అనరు, భక్తి అంటారు. గుడి ముఖద్వారం మీద గరుత్మంతుణ్ణి వేసిన కుర్రాడు మూలన పేరు రాసుకుంటే మాత్రం "వీడికి పేరు పిచ్చి" అన్నారు. విన్నాను కాబట్టి చెప్తున్నాను.

మా కొండల్లో ఉండే సవర గిరిజనుల గోడ బొమ్మల సంగతి నేను ఇందులో కలపను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసే ఆ బొమ్మ దేవతల కోసం, పోయిన పెద్దల కోసం. అది ఆ ఇంటికీ వాళ్ళకీ మధ్య సంగతి. అక్కడికి వెళ్ళి సంతకం ఏదీ అని అడిగేవాడు తెలివితక్కువవాడు. అదే బొమ్మ బట్ట మీదకి ఎక్కి ఎగ్జిబిషన్‌లో ధర చీటీతో వేలాడుతుంటే, అప్పుడు ఎవరు వేశారని అడగాలి.

ఇంతవరకూ నేను గెలుస్తున్నట్టే ఉంది. నా వాదన తడబడేది సంతకం అబద్ధం చెప్పే చోట.

బ్యాట్‌మాన్‌ని తీసుకోండి. 1939 నుంచి ఆ కామిక్స్ మీద బాబ్ కేన్ పేరు. ఆ పాత్రకి ఇప్పుడు మనం చూసే రూపాన్ని, కథల్ని ఇవ్వడంలో సగానికి పైగా బిల్ ఫింగర్ అనే రచయితది. ఆయన 1974లో పోయాడు. అధికారికంగా ఆయన పేరు చేర్చింది 2015లో. మికీ మౌస్ దినపత్రిక స్ట్రిప్ ఇంకా వింత. ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్‌సన్ 1930 నుంచి 1975 దాకా, నలభై అయిదేళ్ళు దాన్ని వేశాడు. అచ్చయ్యే బొమ్మ మీద ఉండేది వాల్ట్ డిస్నీ పేరు. ఇక్కడ సంతకం ఉంది, చక్కగా ఉంది, చదివినవాడు నమ్మాడు. నమ్మింది తప్పు.

అంత దూరం పోనక్కర్లేదు. మన చందమామ చూడండి. అందులో ధారావాహికలకి చిత్రా గారు వేసిన బొమ్మల మీద ఆయన సంతకం ఉండేది. బేతాళ కథకి శంకర్ గారి సంతకం. మా నాన్నకి ఆ పేర్లన్నీ కంఠతా. కానీ ఆ ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు పత్రికలో ఉండేది కాదు. రెండు తరాల పిల్లలు ఆయన కథ కోసం నెలంతా ఎదురుచూసి, ఆయన పేరు తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారి సంగతీ దాదాపు ఇంతే. బొమ్మ వేసినవాడికి పేరుండి కథ రాసినవాడికి లేకపోవడం మొదటిసారి తెలిసినప్పుడు నాకు లోపల కొంచెం సంతోషం కూడా వేసింది, దాచుకోను. ఎప్పుడూ మేమే బలి అవుతాం కదా, ఒక్కసారి తారుమారు అయిందని. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

కామిక్ అనేది చాలావరకు ఒక్కడి పని కాదు. ఒకరు రాస్తారు, ఒకరు పెన్సిల్ గీస్తారు, ఒకరు ఇంకు వేస్తారు, ఒకరు రంగులు, ఒకరు బెలూన్లలో అక్షరాలు. ఇందులో ఒక్కడు మూలన కూచుని పేరు గీకేస్తే మిగతా నలుగురి పనీ వాడి ఖాతాలో పడుతుంది. సంతకం వద్దనే కంపెనీలు ఈ మాట కూడా అంటాయి, అది అబద్ధం కాదు. నేను ఒప్పుకోనిది వాళ్ళు చెప్పే విరుగుడుని. నలుగురి పేర్లు పట్టవు కాబట్టి ఎవరి పేరూ వద్దు, మా లోగో ఒక్కటే ఉంటుంది అంటారు. పెళ్ళి శుభలేఖలో మేనత్తల దగ్గర నుంచి బుల్లి మనవరాళ్ళ దాకా ముప్పై పేర్లు పట్టించే ఊరు మనది. ఆ పని రోజూ చేసేవాణ్ణి నేను. చోటు లేదని నాకు చెప్పకండి.

పేరు పెట్టుకోవడం హక్కు అన్నప్పుడు పెట్టుకోకపోవడం కూడా అందులో భాగమే. విజయనగరంలో ఒకమ్మాయి తెలుసు, ఆడపిల్లల హాస్టళ్ళ మీద కామిక్స్ వేస్తుంది. ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారని పేరు బదులు చిన్న పిచ్చుకని వేస్తుంది. పిచ్చుక చూస్తే ఆమెదని మాకు తెలుసు, అంతే చాలు. కార్టూన్లకి జైళ్ళ భయమూ ఉంది. 2012లో అసీమ్ త్రివేదిని అరెస్టు చేసింది కార్టూన్లకే. అదే ఏడాది కోల్‌కతాలో ఒక ప్రొఫెసరుని ముఖ్యమంత్రి మీద ఒక కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు పట్టుకెళ్ళారు. గీసింది కూడా కాదు, పంపినందుకు. అలాంటప్పుడు నీ పేరు రాయి అని ఎవరినీ నిలదీయలేం. పిచ్చుక వేయాలా, పేరు రాయాలా, ఖాళీగా వదలాలా అనేది వేసిన చేయి తేల్చుకోవాలి. డబ్బిచ్చిన చేయి కాదు.

ఇప్పుడు నా సొంత బొమ్మలకి ఎలా చేస్తున్నానో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మూలన పెడితే క్రాప్ చేస్తారు. కె.సి. గ్రీన్ అనే అమెరికా ఆర్టిస్టు 2013లో మంటల మధ్య కూచుని కాఫీ తాగే కుక్క బొమ్మ వేశాడు, అందరూ చూసే ఉంటారు. అది ఆరు గడుల కామిక్. లోకమంతా తిరుగుతున్నది మొదటి రెండు గడులే. కింది గడుల్లో ఎంత పెద్ద సంతకం పెట్టినా ఏం లాభం? ఫైలు లోపల దాచే వివరాలదీ అదే గతి, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అవన్నీ ఊడిపోతాయి. అందుకని నేను పేరుని బొమ్మలోనే కలిపేస్తున్నాను. ప్రతి గడిలో కాదు, ఏది తీసేస్తే జోకు పోతుందో ఆ గడిలో. గోడ మీద క్యాలెండరులో, ఆర్టీసీ బస్సు పక్క బోర్డు మీద ఊళ్ళ పేర్ల వరసలో, కిరాణా కొట్టు షట్టరు మీద. షట్టరు మీద రాసేటప్పుడు 'ఆర్ట్స్' అని కూడా కలుపుతాను. చిన్నాన్న చూసి "నా పేరెట్టలేదేటి" అన్నాడు. తర్వాతి స్ట్రిప్పులో పెట్టాను.

మళ్ళీ తుపాను బొమ్మ దగ్గరకి వస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు హైదరాబాదులో పని మీద ఉన్నాను, అమ్మ ఉద్దానంలో మా ఊళ్ళో ఉంది. రెండు రోజులు ఎవరికీ ఫోన్ కలవలేదు. మూడో రోజు సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్. ఎవరో జనరేటరు మీద చార్జింగ్ పెట్టిన ఫోనట. అమ్మ. "కొబ్బరి సెట్లన్నీ పడిపోనాయి రా. ఇంటిమీద రేకులు నేవు. జీడి తోట సంగతి తెల్దు." ఒక్క క్షణం ఆగి, అదే గొంతుతో, "ఏటి తిన్నావు రా?"

నా స్ట్రిప్పులో ఉన్నది ఇదే. నాలుగు గడులూ, వరస కూడా, అమ్మ చెప్పిన వరసే. నేను చేసింది బొమ్మలు వేయడం. ఆ బొమ్మ చూసి ఎవరైనా ఏడిస్తే ఏడ్చింది చివరి మాటకి. నా గీతకి ఎవరూ ఏడవరు, నా గీత అంత గొప్పదేం కాదు. ఆరు వందలు తీసుకున్నప్పుడు అమ్మకి చెప్పలేదు. నా పేరు లేదని మూడేళ్ళు గింజుకున్నాను గానీ, పేరు పెట్టనిచ్చి ఉంటే కింద నా ఒక్కడి పేరే పెట్టేవాణ్ణి. బాబ్ కేన్ పెట్టుకున్నట్టు. చందమామ సంగతి తెలిసి సంతోషించిన వాణ్ణి కదా.

మొన్న ఆదివారం ఆ బొమ్మని మళ్ళీ కొత్తగా వేశాను, 'ఏటి తిన్నావు రా' తోనే. అమ్మ ఇప్పుడు శ్రీకాకుళంలో మా దగ్గరే ఉంటుంది. చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇది నేనన్న మాటేనా? ఇది అమ్మినావా? ఎంతిచ్చినారు?"

చెప్పాను.

"నాకేటిచ్చినావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈసారి మాటలు నీవని నీ పేరు వేస్తానన్నాను. వద్దంది. ఊళ్ళో నవ్వుతారంది. కాసేపు వంటింట్లో గిన్నెలు సర్దుకుని మళ్ళీ వచ్చింది. అచ్చు అక్షరాలా, చేత్తోనా అని అడిగింది. చేత్తోనే, నువ్వే రాయి, స్కాన్ చేస్తాను అన్నాను. అమ్మ సంతకం నేర్చుకుంది డ్వాక్రా గ్రూపులో, నలభై దాటాక. పాస్‌బుక్కులో మా లీడరు చూపించిన చోట తప్ప ఎక్కడా పెట్టి ఎరగదు. తెల్లకాగితం, నా స్కెచ్ పెన్ను ఇచ్చాను.

పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఇంటిపేరు ఏదెట్టాలి? మీ తాతదా, మీ నాన్నదా?"

నీ ఇష్టం అన్నాను. మొదటి కాగితం మీద ఒకటి రాసింది, అక్షరాలు పక్కకి ఒరిగాయని పక్కన పడేసింది. రెండోదాని మీద ఇంకొకటి. మూడోదాని మీద ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు. మూడూ వరసగా మంచం మీద పెట్టుకుని చూసుకుంది. ఇంకో కాగితం ఉందేమో ఇమ్మంది.